ఎవరి వాటాకీ రాని బొమ్మ

అన్నదమ్ములు ఇల్లు పంచుకోవడం లోకంలో ఉన్నదే. పొలం పంచుకుంటారు, గిన్నెలు పంచుకుంటారు, మొహమాటం లేనివాళ్లయితే ముసలి తల్లిని కూడా నెలల వంతున పంచుకుంటారు. కానీ గుడి గోడ మీద చెక్కిన కథను చెరిసగం పంచుకున్న ఘనులు, నాకు తెలిసినంతలో, ఈ ఇద్దరే.

ఆ గుడి ఎప్పటిదని అడిగితే పెద్ద చదువులవాళ్లు కూడా బుర్ర గోక్కుంటారు. ఊరు పిడికెడు, గుడి కొండంత. బయటి గోడ మీద, మనిషి చెయ్యెత్తినా అందని ఎత్తున, గుడి చుట్టూ ఒకటే కథ చెక్కారు. పెద్దతలుపు పక్కన మొదలవుతుంది. వెనక గోడ మీదుగా చుట్టు తిరిగి మళ్లీ తలుపు దగ్గరికే వచ్చి ముగుస్తుంది. రాణితో పోట్లాడిన రాజు అలిగి, ఏనుగులనూ గుర్రాలనూ వెంటేసుకుని అడవికి వెళ్లిపోవడం మొదటి సగం. తిరిగొచ్చి రాణితో కలిసి ఈ గుడి కట్టించడం రెండో సగం. బస్సుల్లో వచ్చే యాత్రికులకు ఆ కథ చెప్పడం ఈ అన్నదమ్ముల తండ్రి పని. ఆయన చెబుతుంటే వచ్చినవాళ్లు బస్సు సంగతి మర్చిపోయేవాళ్లట.

ఆయన పోయాక కొడుకులిద్దరికీ పడలేదు. ఎందుకు పడలేదని అడిగితే అన్న ఒక కారణం చెబుతాడు, తమ్ముడు ఇంకో కారణం చెబుతాడు. రెండూ అబద్ధాలే. అసలు కారణం ఇద్దరికీ గుర్తు లేదు, కోపం మాత్రం భద్రంగా ఉంది. ఊరి పెద్దలు కూర్చుని పంపకం చేశారు. హాలుకు అడ్డంగా ఒక గోడ కట్టించారు. సరిగ్గా గోడ రావాల్సిన చోట ఫ్యాను ఉండటంతో దాన్ని పీకేశారు, అప్పటినుంచి రెండు కుటుంబాలూ సమానంగా చెమటలు కక్కుతున్నాయి. బొమ్మలు చూపించడానికి తండ్రి వాడిన పొడుగు కర్రను రంపంతో రెండు ముక్కలు చేశారు. ఇప్పుడు ఆ ముక్కలు ఎవరివీ బొమ్మలకు అందవు. ఇద్దరూ మునివేళ్ల మీద నిలబడి కోడిమెడలు చాపుతారు.

ఇక కథ. తలుపు నుంచి వెనక గోడ సగం దాకా అన్నకు, అక్కడి నుంచి తలుపు దాకా తమ్ముడికి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వెనక గోడకు నట్టనడుమ ఒక పెద్ద బొమ్మ ఉంది. రాజు ఎందుకు తిరిగొచ్చాడో చెప్పే బొమ్మ అదే. తండ్రి దాని దగ్గరికి రాగానే జనం పగలబడి నవ్వేవాళ్లు, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకునేవాళ్లు. అది నాకు కావాలంటే నాకు కావాలని ఇద్దరూ జుట్లు పట్టుకోబోయారు. పెద్దలు మూడుసార్లు కూర్చుని, మూడుసార్లూ తలనొప్పి తెచ్చుకుని, చివరికి విసిగిపోయారు. "ఇద్దరికీ లేదు పొండి! ఆ బొమ్మ గురించి మీలో ఎవడూ నోరు విప్పడానికి వీల్లేదు," అని తేల్చేశారు. అన్నదమ్ములిద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. నాకు రాకపోతే పోయింది, వాడికి మాత్రం రాలేదు కదా!

ఆ తర్వాత ఊళ్లో వాళ్లకు పేర్లే మారిపోయాయి. అన్న మొదలాయన, తమ్ముడు ముగింపాయన.

వీళ్లిద్దరికీ మధ్య ఒక ఆడపిల్ల కూడా ఉంది. మొదలాయనకు చెల్లెలు, ముగింపాయనకు అక్క. ఆడపిల్లకు కథలో వాటా ఏమిటని పెద్దలు ఆవిణ్ని అడగనే లేదు. గోడ కట్టిన కొత్తలో ఆవిడ ఒకసారి పుట్టింటికి వచ్చింది. గోడకు ఇటు తమ్ముడి ఇంట్లో కడుపునిండా తిని, అటు అన్న ఇంట్లో మొహమాటానికి మళ్లీ కడుపునిండా తిని, అజీర్తితో మంచమెక్కింది. లేచాక వదినకూ మరదలికీ ఒకటే మాట చెప్పింది. "ఆ గోడైనా ఉండాలి, నా పొట్టైనా ఉండాలి. ఇక రాను." ఆ మాట ప్రకారమే ఇన్నేళ్లుగా రాలేదు. పదేళ్లు దాటింది.

ఈ పదేళ్లూ వ్యవహారం ఇలా నడిచింది. మొదలాయన తన సగం చెప్పుకుంటూ వచ్చి, నడిమి బొమ్మకు ముందున్న ఏనుగు తోక దగ్గర ఠక్కున ఆగిపోతాడు. "రాజు అలిగి అడవికి వెళ్లిపోయాడు. నా పని అయిపోయింది," అని అటు తిరుగుతాడు. బొమ్మ దాటాక ఉన్న గుర్రం మూతి దగ్గర ముగింపాయన గొడుగు వేసుకుని సిద్ధంగా ఉంటాడు. "రాజు తిరిగొచ్చాడు. ఇటు దయచేయండి," అంటాడు. మధ్యలో ఉన్న నాలుగడుగులూ యాత్రికులు దిక్కులేనివాళ్లలా నడవాలి. ఎవరో ఒకరు తలెత్తి, వెళ్లినవాడు ఎందుకు తిరిగొచ్చాడని అడగకుండా ఉండరు.

"అది నా వాటాలోది కాదండీ," అంటాడు మొదలాయన.

"నా వాటాలోదీ కాదండీ," అంటాడు ముగింపాయన.

తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు గానీ, యాత్రకు వచ్చినవాళ్లకు ఒళ్లు మండింది. బస్సుల కంపెనీకి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వెళ్లాయి. పోయిన వారం ఆ కంపెనీ మేనేజరమ్మ స్వయంగా వచ్చి, గుడి గేటు పక్కనున్న సమాచార గదిలోకి ఇద్దరినీ పిలిచింది. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. అన్నదమ్ములు కుర్చీలు అటొకటి ఇటొకటి తిప్పుకుని, వీపూ వీపూ కలిపి కూర్చున్నారు. పాపం ఆవిడ ఎవరి మొహం చూసి మాట్లాడాలో తెలియక బల్లతో మాట్లాడింది.

"వచ్చే శనివారం బస్సుతో నేనే వస్తాను. రాజు ఎందుకు తిరిగొచ్చాడో ఆ రోజు మా వాళ్లకు చెప్పాలి. మీలో ఎవరు చెప్పినా నాకు అభ్యంతరం లేదు. చెప్పకపోతే ఆ మర్నాటి నుంచి మా బస్సులు ఈ ఊళ్లో ఆగవు. తిన్నగా ఆనకట్ట చూడటానికి పోతాయి."

ముగింపాయన మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఆ ఊరికి వచ్చేవి ఆ కంపెనీ బస్సులే. అవి ఆగకపోతే తనకు తెలిసిన పని ఇంకేముంది? ఉన్నది ఒక్కటే దారి, బావమరిది సిమెంటు దుకాణం. "బావగారూ, మా కొట్లో మీకెప్పుడూ ఒక స్టూలు ఉంటుంది," అని ఆ మహానుభావుడు ఏడాదికోసారి పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ అంటాడు. ఆ స్టూలు తలుచుకుంటేనే ముగింపాయనకు సిమెంటు తిన్నట్టు నోరు ఎండిపోతుంది.

శనివారం పొద్దున్నే లేచి, హాల్లో గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అటువైపు అన్న చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్క మాట చాలు. 'అన్నయ్యా, ఆ బొమ్మ ఇవాళ నువ్వే చెప్పు,' అంటే సరిపోతుంది. పోనీ 'నేను చెప్పనా?' అని అడిగినా సరిపోతుంది. గొంతు సవరించుకున్నాడు. అటువైపు ఇస్త్రీ చప్పుడు ఆగింది. అన్న కూడా గొంతు సవరించుకున్నాడు. ఇతను ఒకసారి దగ్గాడు. ఆయన రెండుసార్లు దగ్గాడు.

"ఏమైనా అన్నారా?" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

"నేనెందుకంటాను? చిన్నవాణ్ని నేను. ఆయన అనాలి గానీ."

"మీ ఇద్దరికీ పంతాలు పెట్టినవాడు మెదడు పెట్టడం మర్చిపోయాడు," అంది ఆవిడ. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

బస్సు వచ్చింది. వెనక గోడ నీడలో గొడుగు పట్టుకుని నిలబడ్డ ముగింపాయనకు, మలుపు అవతల అన్న గొంతు దగ్గరవుతూ వినిపిస్తోంది. ఎంత కోపమున్నా ఒప్పుకోవాలి, ఏనుగుల గురించి అన్న చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. గుంపు మలుపు తిరిగింది. ముందు మేనేజరమ్మ, వెనక ఒక ముసలి జంట, ఆ వెనక మిగతా జనం. వాళ్ల మధ్య గొడుగంత టోపీ పెట్టుకుని, నల్లకళ్లద్దాలు వేసుకుని, మెడలో బస్సువాళ్లిచ్చిన బిళ్ల వేలాడేసుకుని ఒకావిడ నడుస్తోంది. నీళ్ల సీసాను చంకలో ఇరికించుకున్న తీరు చూడగానే ముగింపాయన గొడుగు పక్కకు ఒరిగిపోయింది. చిన్నప్పుడు బడికి వెళ్లేటప్పుడు పలకను సరిగ్గా అలాగే ఇరికించుకునేది.

అక్క!

అన్న వైపు చూశాడు. అన్న కూడా గుర్తుపట్టాడు. ఏనుగు తోకను తొండం అన్నాడు, దిద్దుకున్నాడు, మళ్లీ తొండమే అన్నాడు. అయినా ఇద్దరూ కిక్కురుమనలేదు. ముందు పలకరించినవాడు ఓడిపోయినట్టు కదా!

"రాజు అలిగి అడవికి వెళ్లిపోయాడు. నా పని అయిపోయింది," అని మొదలాయన అటు తిరిగాడు.

"రాజు తిరిగొచ్చాడు. ఇటు దయచేయండి," అన్నాడు ముగింపాయన నీరసంగా.

టోపీ ఆవిడ చెయ్యెత్తింది. "గైడుగారూ, తమరే. కాస్త ఇటు చూడండి. ఆ రాజు ఎందుకు తిరిగొచ్చాడండీ?"

"నా వాటాలోది కాదు… అండీ," అన్నాడు మొదలాయన. సొంత చెల్లెల్ని అండీ అనాల్సి వచ్చినందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పోనీ తమరు చెప్పండి, చిన్న గైడుగారూ."

"నాదీ కాదండీ." అక్క కళ్లద్దాలలో తన మొహం తనకే కనిపించి ముగింపాయన తల దించుకున్నాడు.

మేనేజరమ్మ గడియారం చూసుకుంది. "ఇదే ఆఖరుసారి అడుగుతున్నాను. చెబుతారా, చెప్పరా?"

ముగింపాయనకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావమరిది నవ్వు కళ్ల ముందు మెదిలింది. అయినా పళ్లు తెరుచుకోలేదు. మనిషికి కూడు పెట్టని పంతం ఇంత బలంగా ఎలా ఉంటుందో ఆ భగవంతుడికే తెలియాలి.

"సరే, పదండి. అందరూ బస్సెక్కండి," అంది మేనేజరమ్మ.

"ఆగండమ్మా," అంది టోపీ ఆవిడ. "చిన్నప్పుడు ఎవరో చెబితే విన్నాను. నాకు తెలిసినంత నేను చెబుతాను." నడిమి బొమ్మ కిందకు వెళ్లి నిలబడింది. "అడవిలో రాజుగారి గుర్రం కాలికి ముల్లు గుచ్చుకుంది. అది కుంటుతోంది కదా, ఇక షికారేం చేస్తాంలే అని తిరిగొచ్చేశాడు. అంతే."

"గుర్రానికా!"

రెండు నోళ్లలోంచి ఒకేసారి వచ్చింది. ముగింపాయన గొడుగు కింద పడేశాడు. మొదలాయన ఇటు తిరిగాడు.

"గుర్రం ఆ మూల గడ్డి మేస్తోంది, కనబడట్లేదూ?" అన్నాడు మొదలాయన. "బండ మీద కూర్చుని కాలు పైకెత్తింది ఎవరు? రాజు! ముల్లు గుచ్చుకుంది రాజుకి!"

"ఎడమ కాలికి," అన్నాడు ముగింపాయన. అన్నతో కాదు, గోడతో.

"కుడి కాలికి," అన్నాడు అన్న, ఆకాశంతో.

"నాన్న ఎప్పుడూ ఎడమ కాలనే చెప్పేవాడు!"

"నాన్న చెప్పేటప్పుడు నువ్వు నిద్రపోయేవాడివి!"

పదేళ్ల తర్వాత వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాటలివి. అంత గొప్పగా ఏమీ లేవు. అయినా ముగింపాయన గోడను వదిలి అన్న వైపు తిరిగాడు.

"మాకు సరిగ్గా కనబడటం లేదు. ఎవరైనా కూర్చుని చూపిస్తే తేలిపోతుంది," అంది టోపీ ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

గోడ కింద అరుగు ఉంది. చిన్నప్పుడు తండ్రి రాజు వేషం వేయించి కూర్చోబెట్టింది ముగింపాయననే. ఇప్పుడూ తనే వెళ్లి కూర్చున్నాడు. కాలు ఎత్తి మోకాలి మీద వేసుకుని, అరికాలు చూసుకోవడానికి వంగబోయాడు. అప్పట్లో లేని పొట్ట ఇప్పుడు అడ్డం వచ్చింది. జనం గొల్లుమన్నారు.

"నవ్వకండి. రాజుకూ అదే బాధ," అన్నాడు మొదలాయన. ఆయన గొంతు అప్పటికే మారిపోయింది. తోకలూ తొండాలూ చెప్పే గొంతు కాదది, తండ్రి గొంతు. "అరికాల్లో ముల్లు తనకు తాను తీసుకోలేడు. చుట్టూ ఇంతమంది సైనికులున్నారు. చూడండి, అందరూ ఎటో చూస్తున్నారు. 'ప్రభూ, మేం తీస్తాం,' అని ఒక్కొక్కడూ వచ్చాడు. దణ్ణం పెట్టాడు. రెండు వేళ్లతో పాదం అలా తాకాడు. ముల్లు ఎక్కడొస్తుంది?"

"ముల్లు రావాలంటే కాలు గట్టిగా పట్టుకోవాలి," అందుకున్నాడు ముగింపాయన, తనకు తెలియకుండానే. "గట్టిగా పట్టుకోవాలంటే చనువుండాలి."

"చనువున్నవాళ్లు తిట్టకుండా తీయరు."

"తిట్టేవాళ్లేమో ఇంట్లో ఉండిపోయారు."

"అందుకని తిరిగొచ్చాడు, కుంటుకుంటూ. ప్రేమా లేదు, దోమా లేదు. తిట్టి ముల్లు తీసే మనిషి కోసం వచ్చాడు."

జనం చప్పట్లు కొట్టారు. ముసలాయన కర్ర మీద ముందుకు వంగి, "ఇంతకీ రాణి ఎలా తిట్టిందయ్యా?" అన్నాడు.

ఆ భాగం తండ్రి చేసేవాడు. ఇప్పుడు చేసేవాళ్లెవరు? అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదలాయన కర్రముక్క గోడకు ఆనించి, ఇస్త్రీ చొక్కా నలిగిపోతుందని కూడా చూసుకోకుండా నేల మీద చతికిలబడి, తమ్ముడి పాదం లాగి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కళ్లెక్కడ పెట్టుకుని నడిచావు?" అన్నాడు రాణిలా గొంతు సన్నం చేసి. జనం నవ్వారు. "పెద్ద మగధీరుడిలా గడప దాటినవాడివి, చెప్పులేసుకుని వెళ్లాలని తెలియదా? ఆకలేస్తే ఎవరు పెట్టారు? జ్వరమొస్తే ఎవరు చూశారు?" మళ్లీ నవ్వారు. అంతవరకూ తండ్రి మాటలే. ఆ తర్వాత సన్నటి గొంతు ఎక్కడో జారిపోయింది. "కడుపు కోయించుకుని ఆసుపత్రిలో పడుకుంటే నాకొక కబురు చెయ్యాలని తెలియలేదా నీకు?"

"అప్పట్లో ఆసుపత్రులున్నాయా?" అన్నాడు ముసలాయన.

"ఊరుకోండి, విననివ్వండి," అంది ఆయన భార్య.

"మంగలి చెబితే తెలిసింది నాకు! గడ్డం గీస్తూ చెప్పాడు. మీ తమ్ముడికి ఆపరేషనటగా అని ఊరికే అడిగినట్టు అడిగాడు. సగం గీసిన గడ్డంతో, మెడలో తువ్వాలుతో ఆసుపత్రి దాకా పరిగెత్తాను. దారిపొడుగునా జనం నవ్వారు!"

"రాణికి గడ్డమేమిటే?"

"మిమ్మల్నే! ఊరుకోమన్నానా?"

"వార్డు తలుపు దాకా వచ్చాను. అద్దంలోంచి చూశాను. కళ్లు మూసుకుని ఉన్నావు. పిలవని వాణ్ని, లోపలికెలా వస్తాను? ఏ మొహం పెట్టుకుని వస్తాను? అక్కడే నిలబడి నిలబడి వెళ్లిపోయాను. అంత బతుకూ బతికి, తోడబుట్టినవాణ్ని అద్దంలోంచి చూడాల్సి వచ్చింది నాకు! నీ పంతం పాడుగాను!"

ముగింపాయనకు ఆ ఆపరేషన్ అయి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ అన్న కనీసం చూడటానికి రాలేదని వచ్చిపోయే ప్రతివాడికీ చెప్పుకున్నాడు, చెప్పుకుని చెప్పుకుని కోపాన్ని బాగా మేపాడు. ఇప్పుడు ఆ కోపాన్ని ఎక్కడ కట్టెయ్యాలో తెలియలేదు. అతనికి ఏడుపొచ్చింది.

"మత్తుమందు వల్ల కళ్లు మూతలు పడ్డాయి అన్నయ్యా," అన్నాడు చివరికి. "మెలకువ వచ్చినప్పుడల్లా తలుపు వైపే చూశాను."

"చూస్తే సరిపోతుందా? పిలవాలి! నోరు లేదూ?" అని మొదలాయన ఆ పాదాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

టోపీ ఆవిడ అప్పటికే టోపీ తీసేసి దాంతో మొహం కప్పుకుంది. రోడ్డు మీదనుంచి డ్రైవరు హారన్ మోగించాడు. మేనేజరమ్మ గడియారం వైపు కూడా చూడకుండా అరుగు చివర కూర్చుని, ఫోన్ తీసి మెల్లగా చెప్పింది. "ఇంజను ఆపెయ్యవయ్యా. ఆనకట్ట ఎక్కడికీ పోదు. ఇక నుంచి ఈ ఊళ్లో ఆగినప్పుడల్లా ఇంతసేపూ పడుతుంది."

మొదలాయన తిడుతూనే ఉన్నాడు. గోడకు అటూ ఇటూ మాట్లాడకూడదని పెట్టుకున్న ఆంక్షలూ, పెళ్లిళ్లకు పిలవకపోవడాలూ, ఫ్యాను లేని ఎండాకాలాలూ ఒక్కొక్కటే వస్తున్నాయి. ముగింపాయనకు కాలు తిమ్మిరెక్కి మోకాలి దాకా మొద్దుబారింది. అయినా వెనక్కు లాక్కోలేదు.

ముసలాయన ఉండబట్టలేక ఇంకో అడుగు ముందుకు వేశాడు. "ఇంతకీ ముల్లు వచ్చిందా నాయనా?"

ముగింపాయన చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "ఇంకా రాలేదండీ," అన్నాడు. "ఇంకొంచెం తిట్టాలి."